ముసురులో ఆరాల్సిన పువ్వు

సీ చియాంగ్ మాయ్, మెకాంగ్ గట్టు
ఆగస్టు 14

భిక్షువు ఖంతిధమ్మో గారి పాదాలకు,

నమస్కారం. పాదాలకు అని మొదలుపెట్టాలని మా యజమానురాలు లియెన్ అమ్మగారు చెప్పింది కాబట్టి పెట్టాను. ఇకనుంచి నాకు వచ్చినట్టు రాస్తాను. ఖంఫన్ అన్నయ్యా, నువ్వు చేసిన పని బాగాలేదు.

ఏప్రిల్లో గింజ నాటింది నువ్వు. మన ఇంటి పేరు మీద ఆరు గంజాయి మొక్కలని సర్కారు లెక్కలో రాయించింది నువ్వు. "బువాలై, ఇది పెద్దమ్మ మందు, కోడి కూడా ఆ పాదులోకి దిగకూడదు" అని నన్ను కాపలా పెట్టింది నువ్వు. తీరా పూత పట్టే వేళకి గుండు గీయించుకుని, కాషాయం కట్టి కొండెక్కి కూర్చుంది కూడా నువ్వే. ఫోను ఆచార్యులవారి బీరువాలో ఉందట. వానాకాలం మూడు నెలలూ విహారం దాటరట. ఎంత హాయి.

పెద్దమ్మ పుణ్యం కోసమే కదా అంటావు. తెలుసు. అమ్మ పోయాక మనిద్దరినీ పెంచింది ఆమే. ఆడదానికి కాషాయం లేదు, పెంచిన కొడుకు కట్టుకుంటే దాని చెంగు పట్టుకుని స్వర్గానికి పోతానని ఆమె నీకు పాలపళ్ళు ఊడకముందు నుంచీ అంటోంది. సరే, పోనీ. స్వర్గానికి పోయేలోపు ఒక పూట నడుం వాల్చి పడుకోవాలి కదా? అది చేతకావడం లేదు ఆమెకి. కాలేయం దగ్గర గడ్డ పెద్దదయింది. ఆసుపత్రి మాత్ర వేస్తే పేగులు బయటికొచ్చేలా వాంతి. నిరుడు చలికాలం నువ్వు ఆరబెట్టిన పువ్వుతో నాటువైద్యం చేసే బున్మీ తాత కాచిన నూనె ఉంది చూడు, అది నాలిక కింద వేస్తేనే ఆమె కన్ను మూస్తుంది. ఆ సీసా అడుగుకి వచ్చింది.

నిన్న తాత దగ్గరికి వెళ్ళాను. "ఎవరి దగ్గరైనా పువ్వు తెచ్చి కాయలేవా తాతా?" అన్నా.

"ఎవడి పువ్వో, దాని మీద ఏ పురుగుమందు కొట్టాడో, నాకెందుకు? మీ పెరట్లోదే తే. కానీ పిల్లా, ఒక్క చుక్క బూజు కనబడ్డా నా పొయ్యి ఎక్కదు. మంచి కాలేయం ఉన్నవాడే బూజు తట్టుకోలేడు. మీ పెద్దమ్మ సంగతి నేను చెప్పాలా?"

ఇది ఆగస్టు. ఇక్కడ ఉప్పు డబ్బాలో ఉప్పు లేదు, నీళ్ళున్నాయి. తలుపులు ఉబ్బి మూతపడటం లేదు. ఫోన్‌లో వీడియోలు చూశా. తెల్లవాళ్ళు ఏసీ గదిలో పువ్వు వేలాడదీసి, గోడకి గడియారంలాంటిది పెట్టి గాల్లో తేమ కొలుస్తున్నారు. మన ఇంట్లో గోడే తేమ.

రెండు ప్రశ్నలు. ఎప్పుడు కొయ్యాలి? ఈ ముసురులో ఎలా ఆరబెట్టాలి? సూటిగా జవాబు రాయి. ధర్మోపదేశం వద్దు.

చెల్లెలు
బువాలై


అడవి విహారం, లోయీ కొండలు
ఆగస్టు 23

ఉపాసకురాలు బువాలైకి, మంగళమగుగాక.

బియ్యం తెచ్చే లారీ ఆయన ఉపోసథ వ్రతం రోజున నీ ఉత్తరం ఇచ్చాడు. ఈ భిక్షువు దాన్ని మూడుసార్లు చదివాడు. నీ కోపం న్యాయమైనదే.

మొదటి ప్రశ్నకి జవాబివ్వడం కష్టం. బతికి ఉన్న మొక్కని కొయ్యడం భిక్షువుకి నిషేధం. కొయ్యమని మరొకరికి చెప్పడం కూడా నిషేధమే. ఇక్కడ దారికి అడ్డంగా పెరిగిన తీగ గురించి కూడా మేము పనివాడితో "దీని సంగతి చూడు" అంటామే తప్ప "నరుకు" అనం. అందువల్ల ఇంతవరకే రాయగలను. పువ్వు మీదుండే తెల్లటి వెంట్రుకలు కొంతకాలానికి ఎర్రబడతాయి. అప్పుడు ఇంట్లోవాళ్ళు ఆ మొక్క సంగతి చూసుకోవడం లోకంలో ఉన్నదే.

ఆరబెట్టడం గురించి: నీడ, గాలి, ఓపిక. నిరుడు పది రోజులు పట్టింది. అది చలికాలం, ఉత్తరపు గాలే ఆ పని చేసిపెట్టింది. నాది పెద్దగా ఏమీ లేదు.

పెద్దమ్మ అన్నం తింటోందా? ఒకటి రెండు మాటలైనా రాయి.

ఖంతిధమ్మో


సీ చియాంగ్ మాయ్
సెప్టెంబరు 2

అన్నయ్యా,

నా పేరు ఉపాసకురాలు కాదు.

నీ ఉత్తరం పెద్దమ్మకి చదివి వినిపించాను. "చూశావా, ఎంత చక్కగా రాశాడో, అచ్చం పెద్ద భిక్షువులాగే" అని కళ్ళొత్తుకుంది. నేను మాత్రం పెరట్లోకి వెళ్ళి మొక్కలతో "మీ సంగతి చూడటం లోకంలో ఉన్నదే" అన్నాను. అవి వినలేదు. అప్పుడు కొడవలి తీసుకున్నా.

మూడు మొక్కలకి వెంట్రుకలు ఎర్రబడ్డాయి. ఆ మూడే కోశాను. మిగతా మూడూ ఇంకా తెల్లగా ఉన్నాయి. ఆ తర్వాత జరిగింది విను, నీ సాయం లేకుండా జరిగింది.

ఏడేళ్ళుగా నా బతుకే ఆరబెట్టడం. పొద్దున్నే బియ్యప్పిండి జావ గుడ్డ మీద పరిచి, ఆవిరి పట్టి, ఆ పల్చటి రేకుని కర్రతో లేపి వెదురు తడిక మీద వేస్తాను. రోజుకి ఎన్ని వందల రేకులో నాకే తెలీదు. వాటికి గడియారం అక్కర్లేదు. తడిక పక్కన నిలబడితే చాలు. అంచు చిటపటమంటుంది. అంటే అయిపోయింది, ఒలిచెయ్యాలి. ఇంకాస్త ఉంచితే పగులుతుంది, ముందే తీస్తే అతుక్కుంటుంది. ఆ చప్పుడు వినడంలో ఈ గట్టు మీద నన్ను మించినవాళ్ళు లేరని లియెన్ అమ్మగారే అంటుంది, ఒకరిని పొగడాలంటే ప్రాణం పోయే మనిషి ఆమె.

అదృష్టం కొద్దీ ఆగస్టు ఆఖర్న రెండు రోజులు ఎండ కాసింది. అమ్మగారిని అడిగి నాలుగు తడికలు తెచ్చుకున్నా. "మా తడికలకి గంజాయి వాసన అంటితే నా రేకులు తిన్నవాళ్ళు పాటలు పాడతారే" అంది. కడిగి ఇస్తానని ఒట్టేశాను. పువ్వులు విడదీసి, ఒకదానికొకటి తగలకుండా పరిచాను. రెండో రోజు మధ్యాహ్నానికి చిటపటలాడాయి. చేత్తో నలిపితే పొడి. వాన మబ్బు పట్టేలోపు ఆరు గాజు జాడీల్లో కుక్కి మూతలు బిగించాను. ఒక్క చినుకు పడలేదు వాటి మీద.

పది రోజుల పని రెండు రోజుల్లో. నీ ఉత్తరపు గాలికి చెప్పు.

పెద్దమ్మ తింటోంది. వచ్చే వారం బున్మీ తాతకి జాడీలు ఇస్తాను.

బువాలై


అడవి విహారం, లోయీ
సెప్టెంబరు 8

బువాలై,

ఉత్తరం అందగానే జాడీల మూతలు తియ్యి. చదవడం ఆపి ముందు ఆ పని చెయ్యి.

రేకు కాగితమంత పల్చన. అంచు చప్పుడు చేసిందంటే మొత్తం ఆరినట్టే. పువ్వు అలా కాదు. దానికి మధ్యలో కాడ ఉంది. పైన పొడిబారినా నీరంతా కాడలో దాక్కుంటుంది. మూత పెట్టగానే ఆ నీరు బయటికొస్తుంది. వినాల్సింది పువ్వు చప్పుడు కాదు, కాడది. కాడ వంచితే వంగకూడదు, లేత చిక్కుడుకాయలా టక్కున విరగాలి.

ఇది నేను ముందే రాయాల్సింది. నిరుడు అన్నీ నేనే చేశాను, నీకేం చూపించలేదు. మొన్నటి ఉత్తరంలో అయినా రాయాల్సింది. మంచి మాటలు రాద్దామని చూసి, కావాల్సిన మాట రాయలేదు.

జాడీలో అమ్మోనియా వాసనగానీ, తడి గడ్డి వాసనగానీ వస్తే ఆ పువ్వు వాడొద్దు.

లారీ ఆయన రేపు వస్తాడు. త్వరగా పంపమని బతిమాలుకుంటాను.

ఖంతిధమ్మో


సీ చియాంగ్ మాయ్
సెప్టెంబరు 15

అన్నయ్యా,

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. నేను జాడీలు తాత ముందు పెట్టింది ఆదివారం.

మొదటి మూత తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకోకుండానే తల వెనక్కి లాగాడు. రెండోది. మూడోది. ఒక పువ్వు తీసి మధ్యకి చీల్చాడు. లోపల సాలెగూడులా తెల్లగా ఉంది. పైన మాత్రం ఎంత అందంగా ఉందో.

"ఇవి ఎప్పుడు కోశావు?"

చెప్పాను.

"ఎప్పుడు మూత పెట్టావు?"

చెప్పాను.

"రేకుల పిల్లవి కదూ నువ్వు" అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది. ఆరు జాడీలూ అక్కడే పెరట్లో గుమ్మరించి, తడి పువ్వు అంటుకోదని కిరసనాయిలు పోసి నిప్పు పెట్టాడు. "బాగున్నవి ఏరుకుంటా తాతా" అని నేను వంగితే చెయ్యి పట్టుకుని లాగాడు. "బాగున్నదని నీకు కనబడుతోంది. దానికి కనబడదు" అన్నాడు. "దానికి" అంటే పెద్దమ్మ కాలేయానికి.

ఖాళీ జాడీలతో ఇంటికొచ్చాను. పెద్దమ్మ అడిగింది, తాత ఏమన్నాడే అని. వారంలో కాస్తానన్నాడని చెప్పాను. నేను అబద్ధం ఆడటం నీకు తెలుసు కదా, రాదు. ఆమె కాసేపు నా మొహం చూసి, "పోన్లే, మిగతా మూడు మొక్కలున్నాయిగా" అంది.

పాత నూనె అయిపోయి నాలుగు రోజులు. ఆమె పడుకోవడం లేదు. గోడకి ఆనుకుని కూర్చుని మోకాళ్ళు పట్టుకుని ఊగుతుంది. లియెన్ అమ్మగారు పనిలో నా మీద అరిచింది, "నిలబడి నిద్రపోతున్నావేంటే, రేకు పగిలిపోతోంది!" అని. పగలనీ అన్నాను. ఈ ఏడేళ్ళలో ఆ మాట అనడం ఇదే మొదటిసారి. ఆమె నా చేతిలో కర్ర తీసుకుని, "ఇంటికి పో, మధ్యాహ్నం రా" అంది.

పెద్దమ్మ తింటోందని రాశాను. తినడం లేదు. కళ్ళు పసుపుపచ్చగా అయ్యాయి. ఇవేవీ నీకు రాయొద్దని ఆమె ఆజ్ఞ. "వాడి మనసు చెదిరితే వానాకాలపు వ్రతం చెడుతుంది, నా పుణ్యం నీళ్ళపాలవుతుంది" అంటుంది. నేను ఒప్పుకున్నా. ఇప్పుడు మాట తప్పుతున్నా. నువ్వు మంచి మాటలు రాశావు, నేను అబద్ధాలు రాశాను. మనిద్దరి మధ్యన పువ్వు బూజు పట్టింది.

మిగతా మూడు మొక్కల వెంట్రుకలు సగం ఎర్రబడ్డాయి. ముసురు తెరిపివ్వడం లేదు. ఈసారి లోకంలో జరిగేవి రాయొద్దు. నేనేం చెయ్యాలో రాయి.

బువాలై


అడవి విహారం, లోయీ
సెప్టెంబరు 20

బువాలై,

కొయ్యి. ఎర్రబడింది సగమైనా చాలు, ముసురులో ఎక్కువ ఆగితే మొక్క మీదే కుళ్ళుతుంది. ఈ మాట రాసినందుకు రేపు తోటి భిక్షువు ముందు మోకాళ్ళ మీద కూర్చుని తప్పు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటాను. నువ్వు కొయ్యి.

పువ్వులు విడదీయొద్దు. పెద్ద ఆకులు మాత్రం తుంచేసి, కొమ్మని కొమ్మగానే తలకిందులుగా వేలాడదీయి. ఎండ తగలకూడదు. పంకా పెట్టు, కానీ దాని మొహం గోడ వైపు తిప్పు, గాలి గోడకి కొట్టి వెనక్కి రావాలి. సూటిగా తగిలితే మళ్ళీ పైన చిటపట, లోపల తడి. గదిలో నాలుగు మూలలా మూకుళ్ళలో పొడి బొగ్గులు పెట్టు. రోజూ వాటిని పొయ్యి మీద వేడిచేసి, చల్లార్చి మళ్ళీ పెట్టు. చెమ్మ అవి లాగుతాయి. పొగ మాత్రం రాకూడదు. కింద వంటింట్లో ససేమిరా వద్దు, ఊరవేసిన చేపల జాడీ వాసన పట్టేస్తుంది. కురవని గది ఏది ఉంటే అది.

కాడ విరిగాకే పువ్వు తెంపు. గాజు జాడీలు వద్దు. మనం అన్నం పెట్టుకునే మూత బుట్టలు ఉన్నాయి కదా, అన్నం ముద్దకట్టకుండా వెదురు ఆవిరిని ఎలా పీల్చుకుంటుందో నీకు తెలుసు. పువ్వు వాటిలో వదులుగా పెట్టి, బుట్టలని మట్టి కాగులో ఉంచి, కాగు మీద పలక పెట్టు. రోజూ పొద్దున తెరువు, వాసన చూడు, పువ్వు కదుపు, కాసేపాగి మూయి. అలా ఒక నెల నిలవుంటే మంచిది.

ఆచార్యులవారికి పెద్దమ్మ సంగతి చెప్పాను. వానాకాలంలో భిక్షువు ఏడు రోజులు బయటికి వెళ్ళి రావచ్చు. తల్లికో తండ్రికో జబ్బు చేస్తే పిలవకపోయినా వెళ్ళొచ్చు. మిగతా రక్తసంబంధం అయితే, జబ్బుపడ్డ మనిషి తనే రమ్మని కబురు పెట్టాలి. "పెంచిన ఆమె తల్లి కాదా?" అని అడిగాను. "కన్నదా?" అన్నారు. కాదన్నాను. "అయితే పిలవమను" అన్నారు. మంచి మనిషే. నియమం విషయంలో మాత్రం రాయి.

పెద్దమ్మని అడుగు. ఒక్క మాట చాలు. రమ్మందని నువ్వు రాస్తే మర్నాడు బయల్దేరతాను.

నేను
ఖంఫన్


సీ చియాంగ్ మాయ్
అక్టోబరు 3

అన్నయ్యా,

కోశాను. ఆరడానికి పదకొండు రోజులు పట్టింది.

కురవని గది ఇంట్లో ఒకటే, పెద్దమ్మది. ఆమె మంచం చుట్టూ తాళ్ళు కట్టి కొమ్మలన్నీ అక్కడే వేలాడదీశాను. కళ్ళు తెరిచి చూసింది.

"ఇవేంటే, గబ్బిలాలా?"

"నీ మందు."

"మందు తలకిందులుగా వేలాడుతుందా?"

"నీ కొడుకు అలా రాశాడు."

"వాడు రాశాడా? అయితే సరే" అంది. నేను చెప్పిందైతే సరే అనేది కాదు.

అన్నయ్యా, ఈ పని నేను చేశానని నువ్వు అనుకోవద్దు. పొద్దున ఆరింటికి పనికి పోతే మధ్యాహ్నం గానీ రాను. గదిలో ఉన్నది ఆమె. నిద్ర లేదు కాబట్టి రోజంతా కొమ్మలనే చూసేది. ముప్ఫై ఏళ్ళు రేకులు ఆరబెట్టిన కళ్ళు అవి. నేను రాగానే లెక్క అప్పజెప్పేది: "కిటికీ పక్కవి పొద్దున మెత్తబడ్డాయి. నది మీద మంచు లేచినప్పుడల్లా అంతే, వాటిని ఇటు తిప్పు. బొగ్గుల మూకుడు నా కాళ్ళ దగ్గరది చల్లబడింది. పంకా ఇంకొంచెం గోడకి తిప్పవే, ఆ చివరిది ఊగుతోంది, ఊగకూడదు." ఏడో రోజు చిటపట మొదలైంది. నా చేతులు దురద పెట్టాయి, తెంపేద్దామని. "తెంపావంటే నీ చెయ్యి తెంపుతా" అంది మంచం మీద నుంచి. లేచి నిలబడలేని మనిషి. నాలుగు రోజులు ఆగాను. నిన్న ఒక కాడ ఆమె చేతికిచ్చా. రెండు చేతులా పట్టుకుని వంచింది. బలం చాలలేదు. నా చెయ్యి మీద చెయ్యి వేసి వంచింది. విరిగింది.

ఇప్పుడు అన్నం బుట్టల్లో ఉన్నాయి. మా అన్నం గిన్నెలోకి మారింది, ముద్దయిపోతోంది, ఏం పర్లేదు.

ఇక నువ్వు రాసిన నెల గురించి. నెల లేదు. తాతని అడిగాను. కనీసం రెండు వారాలు బుట్టలో ఉంటేగానీ ముట్టుకోనన్నాడు, లోపల చెమ్మ మిగిలిందో లేదో అప్పుడే తెలుస్తుందట. ఆసుపత్రిలో డాక్టరమ్మని కూడా అడిగాను. ఆమె చేతిలో కాగితాలు సర్దుకుంటూ "మీరు ఇంట్లోవాళ్ళందరినీ పిలుచుకోండి" అంది. ఇంట్లోవాళ్ళంటే నువ్వూ నేనూ.

పెద్దమ్మని అడిగాను, రమ్మని చెప్పమని. "నోరు మూసుకో" అంది. మర్నాడు మళ్ళీ అడిగా. "వాడు రెండు నెలలు ఆగాడు, ఇంకొన్ని వారాలు ఆగలేడా? నేనే పిలిచి నేనే చెడగొట్టుకోనా?" అంది. మూడోసారి అడిగితే గోడ వైపు తిరిగింది. ఆమె పిలవదు. పిలిచిందని రాసేద్దామని కలం పట్టుకున్నా. ఒకసారి తాత పెరట్లో చూశాను కదా నా అబద్ధం ఎలా కాలిందో. రాయను.

నిజం రాస్తున్నా. పని దగ్గర నీళ్ళలో నిలబడి నిలబడి నా పాదాలు పాసిపోయాయి. కుడి కాలు వాచింది. మూడు రోజులుగా జ్వరం, నిన్న క్లినిక్‌లో నూటరెండు ఉంది, చీటీ ఉత్తరంలో పెట్టాను. నేను నీ రక్తసంబంధం. కన్న తల్లి ఒకతే మనకి. నేను జబ్బుపడ్డాను. నేను కబురు పెడుతున్నా.

రా.

బువాలై


అడవి విహారం, లోయీ
అక్టోబరు 6

బువాలై,

ఆచార్యులవారు నీ ఉత్తరం నాతో రెండుసార్లు చదివించుకున్నారు. చీటీ కళ్ళద్దాలు పెట్టుకుని చూశారు. ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను: "చెల్లెలికి జ్వరం. చెల్లెలు పిలిచింది. నాకు అడ్డేమీ కనబడటం లేదు. ఆ ఇంట్లో ఇంకెవరైనా మంచాన ఉన్నారా అని నేను నిన్ను అడగలేదు. నువ్వూ చెప్పకు." తర్వాత, "అమ్మాయి బాగా కోపిష్టిలా ఉంది" అన్నారు. అవునన్నాను. "కాలికి పసుపు రాయమను" అన్నారు.

ఎల్లుండి వస్తాను. ఏడో రోజుకి తిరిగి ఇక్కడ ఉండాలి. బుట్టలు తెరుస్తూనే ఉండు.

ఖంఫన్


సీ చియాంగ్ మాయ్
అక్టోబరు 19

అన్నయ్యా,

కాలి వాపు తగ్గింది. పసుపు రాశాను, మాత్రలు కూడా మింగాను. ఏది పనిచేసిందో తెలీదు, మీ ఆచార్యులవారికీ క్లినిక్‌కీ పేరు చెరి సగం ఇస్తున్నా.

నువ్వు ఉన్నన్నాళ్ళూ నీతో సరిగ్గా మాట్లాడలేదు. నిన్ను చూడగానే పెద్దమ్మ నన్ను తిట్టిన తిట్లు విన్నావు కదా. "నా జ్వరం చూసిపోడానికి వచ్చాడు, నీ కోసం కాదు" అని నేను అంటే, "అలాగా, అయితే దాని మంచం దగ్గరే కూర్చోరా" అని నిన్ను తరిమింది. మూడు రోజులు నువ్వు నిజంగానే నా గుమ్మం దగ్గర కూర్చున్నావు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాలుగో రోజు ఆమే పిలిచింది. ఆమె ఊగుతుంటే నీకు పట్టుకోవాలని ఉంది, ఆడమనిషిని ముట్టుకోకూడదు. నీ చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. నేను చూశాను. సూత్రాలు చదివావు, గొంతు బొంగురుపోయేదాకా. ఆమె చేతులు జోడించుకుని విన్నది. నొప్పి తగ్గలేదు. నువ్వు వెళ్ళేటప్పుడు ఆమె నవ్వి పంపింది, నువ్వు వీధి మలుపు తిరిగాక పక్కకి ఒరిగింది. నువ్వు నొప్పి ఒక్కటే చూసి వెళ్ళావు. అందుకే ఈ ఉత్తరం.

మొన్న మంగళవారం బున్మీ తాత తనే వచ్చాడు. బుట్టలు నన్ను మోయనివ్వలేదు. కాగు మీది పలక తీసి, ఒక్కో బుట్టా తెరిచి ముక్కు లోపల పెట్టాడు. పువ్వు చీల్చాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి భూతద్దంతో చూశాడు. ఇంకోటి చీల్చాడు. పదహారు చీల్చాడు, నేను లెక్కపెట్టా.

"ఎవరు ఆరబెట్టారు?" అన్నాడు చివరికి.

"పెద్దమ్మ" అన్నాను.

"ఒన్సీ!" అని పెద్దమ్మని పేరు పెట్టి పిలిచాడు. "నీ పిల్ల నేర్చుకుంటోంది."

"నేర్చుకోక ఏం చేస్తుంది, నేను చూస్తుండగా" అంది ఆమె, పళ్ళు బిగించుకునే.

నిన్న పొద్దున నూనె తెచ్చిచ్చాడు. కొత్తది కదా, ఘాటెంత ఉంటుందో అని పాతదానికంటే తక్కువే వేయమన్నాడు. నాలిక కింద వేశాను. పదకొండున్నర. పక్కన కూర్చున్నా. పన్నెండు దాటాక ఊగడం ఆగింది. మోకాళ్ళ మీదున్న చేతులు జారాయి. నేను మెల్లగా పడుకోబెట్టాను. పన్నెండుంబావుకి నిద్రపోయింది. లియెన్ అమ్మగారికి కబురు పెట్టాను, మధ్యాహ్నం పనికి రానని. ఎందుకో చెప్పలేదు. ఆమే వచ్చి గుమ్మంలోంచి తొంగి చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది.

మంచి నిద్ర చూసి ఎంత కాలమైందో, నాకు భయం పట్టుకుంది. గంటకోసారి ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఊపిరి వెచ్చగా తగిలింది. ఒకటి. రెండు. మూడు. బయట వాన పడుతూనే ఉంది, నది నిండుగా పోతోంది. నాకు చేయడానికి ఏమీ లేదు. బతుకులో మొదటిసారి ఏమీ ఆరబెట్టకుండా కూర్చున్నాను.

ఆరున్నరకి లేచింది. "ఎంత పొద్దయిందే?" అంది. చెప్పాను. నమ్మలేదు. తర్వాత అంది, "ఆకలేస్తోంది. పచ్చి చేప కొట్టి, కారం, నిమ్మరసం కలిపి పెట్టు."

అన్నయ్యా, ఆ పచ్చి చేపల పురుగే ఆమె కాలేయం తినేసిందని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పింది! నాకు ఒళ్ళు మండింది. "సిగ్గుందా నీకు? ఇంతా చేసి మళ్ళీ పచ్చి చేపా?" అని అరిచాను. "ఇంకా ఏం మిగిలిందని దాస్తావే, ముదనష్టపుదానా, నా నోరు నా ఇష్టం!" అని ఆమె అరిచింది. ఎంత గట్టిగా అరిచిందంటే లియెన్ అమ్మగారు కొంపలంటుకున్నాయనుకుని గొడుగు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చింది. ఇద్దరం ఆమెని చూసి ఆగాం. పెద్దమ్మ లియెన్ అమ్మగారితో, "చూడమ్మా, చేప కూడా పెట్టదు నాకు" అని ఫిర్యాదు చేసింది. ఇన్నాళ్ళకి ఆమె మొహంలో కాస్త కళ వచ్చింది.

చేప తెచ్చాను. ఉడికించాను. నాలుగు ముద్దలు తింది. ముద్దముద్దకీ, "ఉడికించి పాడుచేశావు, ఉడికించి పాడుచేశావు" అంది.

ఈరోజు మళ్ళీ వేశాను. మధ్యాహ్నం నుంచి పడుకుంది. ఈసారి గురక కూడా పెడుతోంది, పెద్ద పడవ ఇంజనులాగ. ఎన్నాళ్ళుంటుందో నాకు తెలీదు, నేను అడగడం మానేశాను. నూనె మాత్రం నెలకి సరిపోతుందని తాత అన్నాడు.

ఇంకా రాద్దామనుకున్నాను గానీ గురక మధ్యలో ఆగింది. మంచం కిర్రుమంది, పక్కకి తిరిగినట్టుంది. వెళ్ళి దుప్పటి సర్దుతాను.

చెల్లెలు
బువాలై